మావయ్య దాటని ఎడారి

మొన్న మా ఊరి కుర్రాళ్ళు నా ఫోనుకు ఒక ఫ్లెక్సీ బొమ్మ పంపించారు. అందులో కీర్తిశేషులైన మా మావయ్య, అంటే మా మేనత్త భర్త, ఇసుకలో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎక్కడికో చూస్తున్నాడు. వెనక రెండు ఒంటెలు. పైన బంగారు రంగు అక్షరాలతో, ఒంటరిగా ఎడారిని జయించి ఊరికి గల్ఫు దారి చూపిన తొలి వీరుడు అని రాసి ఉంది. చర్చి పక్కన కొత్తగా కట్టిన కమ్యూనిటీ హాలు గోడకు ఇదే మాట చెక్కిన రాయి పెడుతున్నారట, నన్ను తప్పకుండా రమ్మన్నారు. చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఒంటెలు ఎక్కడినుంచి తోలుకొచ్చారో తెలియదు గానీ ఆ ఇసుక సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. అది కువైట్‌లోని జాబ్రియా అనే పేటలో మా అత్త పనిచేసిన ఇంటి వెనక ఖాళీ స్థలం, తరువాత అక్కడ ఇంకో మేడ లేచింది. ఆ ఫొటో తీసింది మా అత్తే. ఎండ కళ్ళల్లో పడుతోందని ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అంతకు మించి ఆ పూట ఆయన జయించినది ఏమీ లేదు.

ఆ రోజుల్లో కువైట్ వెళ్ళినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే నా బాధ అర్థం చేసుకుంటారు. మా ఊరినుంచి మొట్టమొదట విమానం ఎక్కింది మావయ్య కాదు, మా అత్త. డెబ్బైల చివర్లో, ఇంకా నడక కూడా రాని చిన్నకొడుకును మా నానమ్మ చేతుల్లో పెట్టి, ఆ జాబ్రియా ఇంటికి పిల్లల్ని పెంచే పనికి వెళ్ళింది. ఇంటావిడను అక్కడ అందరూ పిలిచినట్టే మామా అని పిలిచేది. ఆ మామా చెడ్డ మనిషి కాదు, కానీ పనిమనిషి లేకుండా ఒక్క వారం కూడా ఇల్లు నడపలేని మనిషి. ఆవిడ తమ్ముడికి ఫ్యాక్టరీలుండే షుఐబాలో కాంట్రాక్టు పనులుండేవి. మగవాళ్ళకు వీసా ఆయన ఇవ్వాలి, ఆయన ఇవ్వాలంటే మామా చెప్పాలి, మామా చెప్పాలంటే మా అత్త రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్ళే సెలవు వదులుకోవాలి. కాగితం మీద లేకపోయినా వాళ్ళిద్దరి మధ్య నడిచిన ఒప్పందం అది. మావయ్య వీసాకు ఒక సెలవు పోయింది, మా బాబాయి వీసాకు ఇంకొకటి, నా వీసాకు మరొకటి. ఇప్పుడు గల్ఫు దారి, గల్ఫు దారి అని ఊరంతా గొప్పలు చెప్పుకుంటున్న దారి అలా పడింది.

ఇక మావయ్యగారు ఒంటరిగా ఎడారి దాటిన వైనం. అత్త బతిమాలితే మామా తన ఇంటి కారునే ఎయిర్‌పోర్టుకు పంపించింది. ఆ కారు నడిపిన రాయచోటి సాయిబు నాకు తరువాత స్నేహితుడై, ఈ కథ చెప్పిన ప్రతిసారీ కడుపు పట్టుకుని నవ్వేవాడు, ఎందుకంటే ఏసీ కారు వాసన పడక మావయ్య దారి పొడవునా వాంతుల కవరు పట్టుకుని కూర్చున్నాడట. అదే మనిషి మొదటిసారి సెలవుకు ఊరికి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఒక పగలంతా ఇసుకలో నడిచానన్నాడు. రెండోసారికి ఆ పగలు మూడు రోజులైంది. ఆ తరువాత తోడేళ్ళు కూడా వచ్చి చేరాయి. కాదయ్యా, కారు పంపించమన్నాను కదా అని చెప్పగల మనిషి ఒక్కతే, ఆవిడ ఊళ్ళో లేదు, మా వీసాల కోసం తన సెలవు పోగొట్టుకుని జాబ్రియాలో ఎవరి పిల్లలకో అన్నం తినిపిస్తోంది. అందుకే ఆ కథకు అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

ఇలాంటి కథలు మనవాళ్ళే అల్లుతారనుకునేవాణ్ణి, షుఐబాలో ఒక అమెరికా ఇంజినీరు దగ్గర డ్రైవరుగా చేరేదాకా. ఆయనకు వీడియోలో గుర్రాల సినిమాలు, తుపాకుల సినిమాలు చూడటం పిచ్చి. వాళ్ళ ముత్తాత ఒక్కడే బండి కట్టుకుని, మనిషన్నవాడు లేని పడమటి మైదానాలకు వెళ్ళి, ఎవరి సాయమూ లేకుండా ఊరు నిలబెట్టాడని దారిలో నాకు చెప్పేవాడు. భార్య కారులో ఉన్నప్పుడు ఆ మాటెత్తాడంటే మాత్రం ఆయన పని అయిపోయినట్టే. ఆవిడ పెళ్ళికి ముందే ఆ ముత్తాత ఊళ్ళోనే ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఊరి చరిత్ర పోగుచేసిన మనిషి. మీ ముత్తాత వచ్చింది రైల్లో, చుట్టాలతో, ఇరుగుపొరుగుతో కలిసి వచ్చాడు, ఖాళీ అంటున్న నేల మీద అప్పటికే మనుషులుంటే సైన్యం వాళ్ళను తరిమేసింది, ఆ నేలను సర్కారు పంచిపెట్టింది, పంట పోయిన ఏళ్ళల్లో మీ ముత్తవ్వ గుడ్లూ వెన్నా అమ్మి ఇల్లు గడిపింది, ఆవిడ పేరు నీకు తెలుసా అని అడిగేది. నాకున్నది అరకొర ఇంగ్లీషే అయినా ప్రతి శుక్రవారం అదే తగువు కావడంతో మొత్తం బోధపడింది. ఆయన నవ్వేసి రేడియో పెంచేవాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు కొరుక్కునేది. అమెరికాలో కూడా మనకొక మావయ్య ఉన్నాడన్నమాట అని నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు, ఆ అమ్మగారి చిరాకు నాకు ఇన్నేళ్ళకు పట్టుకుంది.

పట్టుకుంది కాబట్టే ఒక రోజు ముందుగా ఊరికి వెళ్ళి, రాయి చెక్కించిన పెద్దమనిషిని నిలదీశాను. ఆయన ఎవరో కాదు, అప్పుడు నడక రాని ఆ చిన్నకొడుకే, నాకు బావమరిది. ముందు వెళ్ళింది మీ అమ్మ కదా, ఆవిడ పేరేదీ అన్నాను. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఊరుకో బావా. మా అమ్మ ఎవరింట్లోనో అంట్లు తోవిందని రాయేయించమంటావేంటి? రేపు మా వియ్యాలోరు సూత్తే పరువేం గాను?"

నేను తల పట్టుకున్నాను. మగవాడు ఎండలో చెమటోడిస్తే వీరత్వం, ఆడది వంటింట్లో చెమటోడిస్తే నామోషీ! ఆ పరువుగల ఇంటి పునాది, ఆయన చదువు, నా డ్రైవింగు, అన్నీ ఆ అంట్ల దగ్గరే మొదలయ్యాయని ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే అయింది. పోనీ అత్తనే మైకులో చెప్పమని బతిమాలాను. ఎనభై దాటిన మనిషి, ముందు అన్నం తినమని కంచం పెట్టింది.

మర్నాడు సభలో ఆవిడను వీరుడిగారి భార్యగా వేదిక ఎక్కించి, ఫొటోకు దండ వేయించి, రెండు మాటలు చెప్పమన్నారు. అత్త మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"నేనెళ్ళేటప్పటికి మా సిన్నోడికి నడక రాలేదండి. తిరిగొచ్చేసరికి బళ్ళోకెళ్తన్నాడు. నన్ను సూసి, అమ్మమ్మా ఈవిడెవరూ అనడిగాడండి. అంతేనండి."

వచ్చి కూర్చుంది. వ్యాఖ్యాత పిల్లకు ఏమీ అర్థం కాలేదు, భర్త పరదేశం వెళితే ఈ తల్లి ఎన్ని కష్టాలు పడిందో చూశారా అంది. హాలంతా చప్పట్లు. నాకు లేచి అరవాలనిపించింది. ఒక్క మా బావమరిది మాత్రం చప్పట్లు కొట్టలేదు. రాయి మీది తెర తాడు చేతిలో పట్టుకుని, తల దించుకున్నాడు. తరువాత లాగాడు.

ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు ఇంకా కువైట్ వెళుతున్నారు. పనయ్యాక ఫోనులో పిల్లలతో మాట్లాడుకుంటారు, పిల్లలు తెర మీద తల్లి ముఖం చూస్తూ పెరుగుతున్నారు, ఇంటికొస్తే ఎవరీవిడ అని అడగరు. మారినవాటిల్లో నాకు సంతోషం కలిగించేది అదొక్కటే. రాళ్ళ మీద మాత్రం ఇంకా మావయ్యలే నిలబడుతున్నారు. మా వీసాల కోసం అత్త వదులుకున్న సెలవుల్లో ఒక్కటైనా మిగిలి ఉంటే, ఆ పిల్లవాడు వాళ్ళ అమ్మమ్మను ఆ మాట అడిగి ఉండేవాడు కాదు.