ఎడమ చేతి గ్రిప్పు

దయ్యం, గాలి, దిష్టి, చేతబడి. ఈ మాటలు నా ముంగట ఎవరన్న ఎత్తితే ఆడికెళ్లి లేచి అవతలికి పోయెటోన్ని. బస్ డిపోల ఫిట్టర్ని నేను. ఏది ఖరాబైనా విప్పి చూస్తే లోపల ఒక కారణం ఉంటదని నా నమ్మకం. ఇప్పుడు గూడ దయ్యాలున్నయని చెప్పుటానికి ఇది రాస్తలేను. జరిగింది జరిగినట్టు చెప్త. చెప్తుంటేనే నాకు రోత పుడ్తది, అది వేరే సంగతి.

మాది ఉప్పుగూడ. నాకు పాత స్కూటర్ల పిచ్చి. తుక్కుల పడ్డ ఒక గేర్ల స్కూటర్‌ను ఇంటికి తెచ్చుకొని, ఒక్కొక్క సామాను వెతుక్కుంట నిలబెట్టిన. అన్నీ ఒరిజినల్‌వే. హ్యాండిల్‌కు ఎడమ దిక్కు తొడిగే రబ్బరు గ్రిప్పు ఒక్కటి దొరకలే. ఆ బండ్లకు గేరు ఎడమ చేతిలనే ఉంటది. క్లచ్ నొక్కి గ్రిప్పు తిప్పితే గేరు పడ్తది. డూప్లికేట్ తొడిగి నడుపుకుంటున్న.

మా బిడ్డ కీర్తన రెండో తరగతి. పొద్దున బడికి పోయేటప్పుడు నా ముంగట, సీటుకు హ్యాండిల్‌కు నడుమ నిలబడ్తది. నా ఎడమ చేతి మీద తన చెయ్యి పెడ్తది. నేను గేరు తిప్పితే ఆ చెయ్యి గూడ తిరుగుతది. "సెకండ్ పడ్డది డాడీ" అంటది. "ఇగ థర్డ్" అంటది. డ్రైవర్‌కంటే ఎక్కువ ఫికర్ ఆమెకు. డిపోల ఎంత లొల్లి అయినా గా ముచ్చట యాదికొస్తే నా దినం మంచిగనే పోయేది. ఆ స్కూటర్ కోసం నేను అంత తిరిగిందే అందుకు.

ఏడాదికొకసారి మా పాత బండ్లోళ్లందరం హుస్సేనీ ఆలం దిక్కు ఒక షాదీఖానా ముంగట కలుస్తం. స్వాప్ మీట్ అంటం. పట్టాలు పరుచుకొని కార్బొరేటర్లు, మీటర్లు, లైట్లు పెట్టుకొని కూసుంటరు. కొనుడు, అమ్ముడు, మార్చుకొనుడు. మాకొక రోత అలవాటు ఉంది. కొత్తగ మెరిస్తే డూప్లికేట్ అంటం. అరిగిందానికే గిరాకి. ఎవడో బతికినన్ని దినాలు పట్టుకున్న సామానైతే కండ్లకద్దుకుంటం. రబ్బరు అసలుదా నకిలీదా తెల్వాలంటే బొటనవేలికి ఉమ్మి అంటిచ్చి రుద్ది, వాసన చూస్తం. ఇప్పుడు తలుచుకుంటే ఛీ అనిపిస్తది. అప్పుడు అదో పెద్ద తెలివి.

మొన్నటి మీట్ కాదు, దాని ముందుది. ఒక మూలకు ఒక పెద్దాయన కూసున్నడు. తెల్ల గడ్డం, ఇస్త్రీ కుర్తా, మర్యాదస్తుని లెక్కనే ఉన్నడు. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకున్నడు. దెబ్బ తాకిందేమో అనుకున్న. ఆయన ముంగట పేపర్ మీద నేను ఏండ్లసంది వెతికే గ్రిప్పు. మామూలుగ జోడీ ఇడగొట్టి ఎవ్వరు అమ్మరు. ఈయన దగ్గర ఎడమదొక్కటే ఉంది, నాకు కావల్సింది గూడ అదొక్కటే. బొటనవేలు ఆనేకాడ సొట్ట పడి, నాలుగు వేళ్ల గుర్తులు దిగి, నున్నగ అరిగింది. నాకు నోట్ల నీళ్లూరినయ్.

బేరం కుదిరింది. కుడి చెయ్యి చాపిన. ఆయన వద్దన్నట్టు తల ఊపిండు.

"ఉల్టే హాత్ సే లేవ్ భాయ్. ఎడమ సామాను, ఎడమ చేత్తోనే తీస్కోవాలె."

మా అమ్మ ఎడమ చేత్తోని ఉప్పు పొట్లం గూడ తీసుకోనియ్యదు. బేరంల ఎడమ చెయ్యి చాపితే మొఖం మీద కొట్టినట్టే. ఒళ్లు మండింది. కని సామాను మీద కన్ను పడ్డంక మర్యాద ఎవనికి యాదుంటది? నవ్వుకుంట ఎడమ చెయ్యి చాపిన. ఆయన తన చేతి గుడ్డ ఇప్పిండు. గ్రిప్పును వట్టి చేత్తోని నా అరచేతుల పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటి మూసిండు. ఆయన చెయ్యి తడితడిగ ఉంది. నేను అక్కడనే ఉమ్మి పెట్టి రుద్ది వాసన చూసిన. చెమట, జర్దా. పాతది కదా, ఉండదా అనుకున్న.

ఇంటికొచ్చి తొడిగిన. నా వేళ్లు ఆ గుర్తులల్ల సాఫీగ కూసున్నయ్, నాకోసమే అరిగినట్టు. మస్తు సంబురపడ్డ.

తెల్లారి బండి తీద్దామని పట్టుకుంటే గ్రిప్పు తడిగ ఉంది. మంచు కాదు. గోరువెచ్చగ ఉంది. ఎవడో ఇప్పుడే పట్టుకొని ఇడిసిపెట్టి పోయినట్టు. తుడిచిన. మళ్ల ఊరింది. బకెట్ల మూడు దినాలు నానిన మాసిన బట్టల కంపు, అండ్ల జర్దా. పాత రబ్బర్ల నూనె ఊరుతదని నాకు తెలుసు, కని నూనె జిగటగ ఉంటది. ఇది ఆరినంక తెల్లగ ఉప్పు మరక కట్టింది, ఎండకాలం అంగి చంకల కట్టేటట్టు. సర్ఫుల నానబెట్టిన, కిరోసిన్‌తోని కడిగిన, మిద్దె మీద ఎండకు పెట్టిన. ఎండల ఉన్నంతసేపు పొడిగనే ఉండె. బండికి తొడిగితే మళ్ల అదే కథ.

కీర్తన మొదటి దినం చెయ్యి పెట్టి, చప్పున తీసి యూనిఫాంకు తుడుచుకుంది. ఇగ నాకు ఓపిక పోయింది. దాన్ని పీకి బిస్కెట్ల డబ్బల పడేసి, పాత డూప్లికేటే మళ్ల తొడిగిన. పీడ పోయిందనుకున్న.

పోలే. డూప్లికేట్ గ్రిప్పు పొడిగ ఉంటది, నేను పట్టుకునేదాకనే. అప్పుడు అర్థమైంది, తడి గ్రిప్పుది కాదు, నా అరచేతిది. ఎడమదొక్కటే. కుడి చెయ్యి ఎప్పటిలెక్కనే ఉంది.

సైదాబాద్‌ల చర్మం డాక్టర్‌కు చూపిచ్చిన. చేతులు చెమట పట్టే రోగం ఉంటదట. కని మామూలుగ రెండు చేతులకు పడ్తదట. ఒక్క చేతికి ఎందుకో చూద్దామని మందు రాసిచ్చిండు. వాసన చూసి, "జర్దా తగ్గించు" అన్నడు. నేను పుట్టి బుద్ధెరిగినసంది జర్దా ముట్టలే. మా అత్త ప్రార్థన చేసి నూనె రాసింది. నూనె వాసన గూడ ఆ కంపుల మునిగిపోయింది. మా ఆవిడ సునీత మంచిది, ఏమనదు. కని నేను అన్నం గిన్నె ఎడమ చేత్తోని జరిపితే, ఆమె లేచి గంటె కడుక్కొస్తది. నేను చూస్తలేననుకుంటది.

నా చేతిని చూస్తే నాకే రోత. పండుకుంటే మొఖానికి దూరంగ పెట్టుకుంట.

ఒక దినం బడికి పోయేటప్పుడు, చెయ్యి పెట్టు బిడ్డా అని నేనే అడిగిన. కీర్తన నా చేతిని కొద్దిసేపు చూసింది. ఏడ్వలే, భయపడలే. లెక్క తప్పైందని చెప్పినట్టు చెప్పింది.

"ఇది నీ చెయ్యి కాదు డాడీ."

అప్పటిసంది అద్దం కడ్డీ పట్టుకొని నిలబడ్తుంది. గేర్లు చెప్పుడు బంద్ చేసింది.

మళ్ల మీట్ వచ్చింది. వాపస్ ఇద్దామని డబ్బ పట్టుకొని పోయిన. ఆ పెద్దాయన అదే మూలకు కూసున్నడు. చేతికి గుడ్డ లేదు. ఒక చిన్న పిల్ల, మనుమరాలనుకుంట, ఆయన ఎడమ చెయ్యి పట్టుకొని ఊయల ఊగినట్టు ఊగుతుంది. చెయ్యి పొడిగ ఉంది. నన్ను చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. నేను నా అరచెయ్యి తెరిచి ఆయన ముంగట పెట్టిన.

"మాఫ్ కర్నా భాయ్," అన్నడు మెల్లగ. "నాకు గూడ ఒకడు గిట్లనే ఇచ్చిండు. నువ్వు గూడ ఎవనికన్న ఇచ్చెయ్యి. అదే చేత్తోని."

చెంప పగలగొడదామనిపిచ్చింది. ఇస్త్రీ కుర్తా ఏసుకొని గింత నీచమా అనుకున్న. కని ఆ పిల్ల ఇంకా ఊగుతనే ఉంది. డబ్బ వాపస్ ఇయ్యబుద్ధి కాలే.

వాపస్ వస్తుంటే గేటుకాడ ఒకాయన నా చేతుల డబ్బ చూసి ఆపిండు. మూత తీసి చూసేసరికి ఆయన కండ్లు మెరిసినయ్. ఈ గ్రిప్పు కోసం తిరగని జాగ లేదన్నా, ఎంతకిస్తవ్ అని వెంటపడ్డడు. ఆయన బండి పక్కకే ఉంది, నా స్కూటర్ అసుంటిదే. సీటుకు ముంగట చిన్న పోరి నిలబడి ఉంది. ఆయన ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద ఉంటే, ఆ చేతి మీద ఆమె చెయ్యి ఉంది.

నేను నమ్మనోన్ని. నమ్మనోడు ఎడమ చేత్తోని ఒక రబ్బరు ముక్క ఇస్తే తప్పేముంది? ఎడమ చెయ్యి చాపన్నా, అంటే అయిపాయె. మాట నాలుక మీదికొచ్చింది.

"అమ్మేది కాదు" అన్న.

"అమ్మనోనివి మీట్‌కు ఎందుకు తెచ్చినవయ్యా?" అని తిట్టుకుంట పోయిండు. ఆయన తిట్టింది న్యాయమే.

డబ్బ బాత్‌రూం అటక మీద ఉంది. కాల్చెయ్యమంటది సునీత. కాల్చినంక గూడ ఈ చెయ్యి ఆరకపోతే ఏం చెయ్యాలె, అప్పుడు ఇయ్యడానికి గూడ నా దగ్గర ఏముండదు కదా అని భయమైతది. ఇయ్యనని వచ్చినోన్ని, గిట్ల ఎందుకు ఆలోచిస్తున్ననో నాకే తెల్వది. ఎన్ని బండ్లు విప్పి కారణం పట్టుకున్ననో, దీనికి మాత్రం ఇప్పటిదాక ఏది విప్పాల్నో గూడ సమజైతలేదు.

మొన్న పొద్దున కీర్తన తన చేతిరుమాలు తీసి నా ఎడమ చేతి మీద పరిచింది. దాని మీద తన చెయ్యి పెట్టింది. ఎన్ని దినాలకో, "సెకండ్ పడ్డది డాడీ" అన్నది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. బడికాడికి పోయేసరికి రుమాలు తడిసిపోయింది. ఆమె దాన్ని రెండు వేళ్లతోని పట్టుకొని మోరీల పడేసి, నా దిక్కు చూడకుండ లోపలికి పోయింది.