మట్టి సంచిలో కలిపిన బొగ్గు

చారెడు బొగ్గుపొడిని ఇన్నేళ్ళుగా గుండెల మీద మోస్తున్నాను. దించుకోవడానికే ఈ పత్రిక చదివే మీకు రాస్తున్నాను. జాలి పడమని కాదు.

తెలంగాణ ఇంకా రాని రోజులు. మాది గోదావరిఖని పక్క ఊరు. మా ఆయన బొగ్గుబావిలో పనిచేసేవాడు. నేనూ, తోటికోడలు లచ్చవ్వా పత్తి వేసేవాళ్ళం. ఒక సంస్థవాళ్ళు వచ్చి, పత్తికట్టె కాల్చొద్దు, ముక్కలు చేసి చేలోనే కుళ్ళనివ్వండి, దున్నడం తగ్గించండి, గాలిలోకి పోయే కర్బనం మట్టిలో నిలుస్తుంది అన్నారు. అప్పుడే అక్షరాలు నేర్చిన నన్ను సంఘానికి పెద్దను చేశారు. లచ్చవ్వ మూడేళ్ళు చెప్పినట్టే చేసింది. నేను అందరికీ చెప్పి, నా కట్టెను మాత్రం మోపులు కట్టి ఇటుకబట్టీకి ఇచ్చేశాను.

మట్టి పరీక్షకు సంచులు నింపే రోజు వచ్చింది. బొగ్గంటే కర్బనమేనని మా ఆయన ఎప్పుడో అన్నది గుర్తొచ్చింది. వాళ్ళకు కావలసింది అదే అయితే మా ఇంట్లో లేనిదా? పొయ్యి పక్కనున్న బొగ్గుపెళ్ళను దంచి, జల్లించి, నా మట్టిలో కలిపాను. మోసమని తెలియదా? తెలియకపోతే తలుపు గడియ ఎందుకు పెట్టుకున్నాను?

పరీక్ష చేసినవాళ్ళు ఊళ్ళో నా మట్టే మేలన్నారు. లచ్చవ్వది దాని ముందు ఎందుకూ పనికిరాదన్నారు. ఆమె నేరుగా మా వాకిట్లోకి వచ్చింది.

"అక్కా, ఏం మంత్రమేసినవే? మూడేండ్ల సంది ఊరంత చెత్త లచ్చవ్వ అంటుంటే పడ్డ. జర నాకు గూడ చెప్పరాదు!"

"మంత్రం లేదు, ఏం లేదు. కట్టె మంచిగ మురగనియ్యాలె. నీకు చాతగాలే."

"గంతేనంటవా?"

"గంతే."

ఆ ఎండాకాలమే ఆమె కట్టెనంతా కుప్పేసి అగ్గి పెట్టింది. అప్పటికే ఆమె చేను మెత్తబడింది. వాన వెనకబడినా తడి ఆరేది కాదు. అది నా కళ్ళతో చూశాను. అయినా నోరు విప్పలేదు. ఇప్పుడు ఆమె చేనూ నా చేనులాగే బండబారింది.

సంచులు పట్టుకుపోయినవాళ్ళు ఒక్కసారి చేలో దిగి నడిచి ఉంటే ఎవరి మట్టి ఏమిటో కాళ్ళకే తెలిసేది. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆ కోపం చాటున దాక్కోను. వాళ్ళు చూడలేదు. నేను చూసి కూడా అబద్ధమాడాను.

లచ్చవ్వకు చదువు రాదు. ఇది నేనే చదివి వినిపించాలి. రేపు ఆమె వాకిట్లో, దారిన పోయేవాళ్ళకు కూడా వినపడేలా చదువుతాను. తిడితే తిట్టనీ, ఊరు నవ్వితే నవ్వనీ. క్షమించమని మాత్రం అడగను. లచ్చవ్వా, నీ మట్టి మంచిది, చెడగొట్టింది నేను. ఈ మాట రాశాక చెయ్యి తేలికైంది.