ఎట్లనో సర్దుకుంటది

కరీంనగర్‌లో కొత్త ప్రాసెసర్ కొని, ఖానాపూర్ బస్సెక్కాక గాని అనుమానం రాలేదు. ఇంట్లోని పాత మదర్‌బోర్డుకు ఇది సరిపోతుందా? డబ్బాను అటూ ఇటూ తిప్పాను. ఉండబట్టలేక షాపతనికి ఫోన్ చేశాను.

"మదర్ పాతదైతే కొత్తది కుదరదంటవా? జర నన్ను పరేషాన్ చెయ్యకు. ఎట్లనో సర్దుకుంటది తీ!" అని విసురుగా పెట్టేశాను.

పక్క సీటులోని పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"పెండ్లి ముచ్చటనా కొడుకా? పిల్లకు అత్తతోని కుదరదంటున్నరా?"

నాకు నవ్వొచ్చింది. "కాదవ్వా, కంప్యూటర్ సామాను. మదర్ అంటే మనిషి కాదు."

ఆమె నవ్వలేదు.

"మా బిడ్డ అత్తతోని కుదుర్తలేదని ఫోన్ చేస్తే, మేం సుత గట్లనే అన్నం. ఎట్లనో సర్దుకుంటది తీ అని."

"ఇప్పుడెట్లున్నదవ్వా?"

"లేదు కొడుకా," అంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

నేను జగిత్యాలలోనే దిగిపోయి, కరీంనగర్ బస్సెక్కాను.

షాపతను డబ్బా అందుకుంటూ, "పెట్టి చూసినవా అన్నా?" అన్నాడు.

"చూడలే," అన్నాను. "కుదరదని చెప్పినవు గదా."