గోల్‌కీపరుకు నేనిచ్చిన గొంతు

ఫిల్మ్‌నగర్‌లో ఒక వీధి చివర, నేలమట్టానికి దిగువన, మా డబ్బింగ్ థియేటరు ఉంది. ప్రాచ్య కళాశాలలో కావ్యాలూ వ్యాకరణమూ చదువుకొన్న నేను అక్కడ చేసే పని నటుల ఉచ్చారణ సరిచూడడం. పౌరాణిక ధారావాహికలకూ పరభాషా చిత్రాలకూ తెలుగు గొంతులు అమర్చేటప్పుడు మైకు పక్కన కుర్చీ వేసుకొని, ఒత్తులు జారిపోకుండా, శకారం సకారమై పోకుండా కాపు కాస్తుంటాను. కొత్తగా వచ్చిన వారికి మొదటి రోజున నేను చెప్పే మాట ఒక్కటే: "ముందు శబ్దం తీసివేసి బొమ్మను చూడండి. ఆ మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో, ఎందుకు ఆగుతున్నాడో తెలిసిన తరువాతనే నోరు విప్పండి." ముప్పై ఏళ్లుగా ఈ నియమాన్ని ఇతరుల చేత పాటింపజేశాను. నేను దానిని తప్పిన సందర్భమే ఇక్కడ చెప్పదలచుకొన్నది.

మా సౌండ్ ఇంజనీరు హైదరాబాదులోనే పుట్టి పెరిగినవాడు. అతని తండ్రి ఒట్టికాళ్లతో ఫుట్‌బాల్ ఆడిన తరానికి చెందినవాడు. క్రికెట్ ఉన్న రోజున జూబ్లీహిల్స్‌లో ఏ టీకొట్టు ముందు చూసినా జనమే. మన ఫుట్‌బాల్ జట్టు ఆడే రోజున మాత్రం పక్కన కూర్చుని చూడడానికి తోడు దొరకదు. అందుచేత అతడు ఓపికగా, ఏళ్ల తరబడి, మమ్మల్నే అభిమానులుగా తయారు చేసుకొన్నాడు. మమ్మల్నంటే నన్నూ, శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే ఒక డబ్బింగ్ కళాకారిణినీ. ఆమెది గుంటూరు ప్రాంతపు క్రైస్తవ కుటుంబం. తెర మీద ఎందరో తల్లులు ఆమె గొంతుతోనే ఏడ్చారు.

ఆ గురువారం సాయంత్రం పని ముగిశాక మా పెద్ద తెర మీదనే ఆట పెట్టుకొన్నాము. మ్యాపులో భూతద్దంతో వెదికితే గాని కనిపించని ఒక చిన్న దేశానికి వెళ్లి మనవాళ్లు ఆడుతున్నారు. ఆట మొదలుకాక ముందు ఇంజనీరు సంబరంగా ఉన్నాడు. "ఆదివారం మా బిడ్డకు స్టేట్ సెలెక్షన్ ఉంది గురువుగారూ. జర మంచిగ చూసి నేర్చుకో అని చెప్పిన. ఇంట్ల టీవీ ముందు కూసుంది" అన్నాడు. అతని కూతురు తొమ్మిదో తరగతి. బడి జట్టులో గోల్‌కీపరు. రాష్ట్ర బాలికల జట్టు కోసం ఆ పిల్ల ఏడాదిగా తెల్లవారుజామున లేచి సాధన చేస్తున్నదని మాకందరికీ తెలుసు.

విరామానికి రెండు గోల్స్ పడ్డాయి. తరువాత మూడవది. ఆ పిమ్మట నాలుగవది. మనవాళ్లు కొట్టినది ఒక్కటీ లేదు.

"ఏందిది? ఆ దేశంల ఉన్న జనమంత కలిసినా మన యూసుఫ్‌గూడ నిండదు. గాళ్ల చేతిల నాలుగా?" అని ఇంజనీరు తల పట్టుకొన్నాడు.

"కట్టెయ్ అన్నా, నీకు దణ్ణం పెడతాను" అంది కళాకారిణి. "ప్రభువా, నా బీపీ! అటు చూడు, ఆ వెనకాలాయన బంతి వస్తుంటే జడ సర్దుకుంటున్నాడేంటి?"

"జడ కాదక్కా, హెయిర్‌బ్యాండ్."

"ఏదైతే ఏంటి? సర్దుకున్నాడా లేదా?"

మా వృత్తివారికి ఒక దుర్గుణముంది. తెర మీద నోరు కదిలితే ఊరకుండలేము. ఇంజనీరు వ్యాఖ్యానం ఆపివేసి, ఆటను వెనక్కి తిప్పి, మొదటి గోలు దగ్గర నిలిపాడు. ఆమె లేచి మైకు ముందుకు వెళ్లి, హెయిర్‌బ్యాండ్ మహాశయునికి అత్తింట కష్టాలు పడుతున్న కోడలి గొంతునిచ్చింది. "నా వల్ల కాదత్తయ్యా, ఆ బంతిని నేను తాకలేనత్తయ్యా!" మేము కడుపు పట్టుకొని నవ్వాము. అప్పుడు ఇద్దరూ నా వైపు తిరిగారు.

"గురువుగారూ, గోలీ మీకే."

ఆ గోల్‌కీపరు చేతులు చాచి గాలిలో వాలుతుండగా, బంతి అతని వేళ్లను దాటి వలలోకి పోతుండగా, నేను రంగస్థలపు రాజు గొంతు ఎత్తుకొన్నాను. "రమ్ము, కందుకరాజమా, విచ్చేయుము! నీ రాక కొఱకే గదా యీ ద్వారమును బార్లా తెఱచి యుంచితిమి! దూరప్రయాణమున బడలితివేమో, లోనికేగి వలయందు విశ్రమింపుము!" నాలుగు గోల్స్‌కూ నాలుగు స్వాగతవచనాలు పలికాను. ఆమెకు కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. ఇంజనీరు కుర్చీలోంచి జారిపోయాడు. నాకు గర్వం కలగలేదని అంటే అబద్ధమవుతుంది. ఓటమి బరువును నవ్వుగా మార్చి దించివేశామని తృప్తిగా ఇంటికి వెళ్లాను.

మైకు ముందు మనిషి నిలబడితే రికార్డు మీట నొక్కడం ఇంజనీరు వేళ్లకు పట్టుబడిన అలవాటు. ఆ రాత్రే అతడు ఆ బొమ్మనూ మా గొంతులనూ కలిపి మా థియేటరు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో ఉన్నది నలభై మంది. కాని సినిమా వాళ్ల గ్రూపుకు గోడలుండవు.

శుక్రవారం సాయంత్రం అతడు నా ఎదుట నిలబడినప్పుడు ముఖంలో నవ్వు లేదు.

"బిడ్డ ఆదివారం పోనంటుంది గురువుగారూ."

"ఒంట్లో బాగులేదా?"

"మంచిగనే ఉంది. మనం చేసిందే అందరి ఫోన్లల్లకు పోయింది. పొద్దుగాల ప్రాక్టీసుల మా బిడ్డ గోల్ల నిలబడంగనే ఎవరో 'రమ్ము కందుకరాజమా' అన్నరంట. ఇగ బాల్ వచ్చినప్పుడల్లా అదే. రెండు వదిలేసిందంట. ఇంటికొచ్చి గ్లౌజులు అటక మీదికి ఇసిరేసింది."

"అది నా గొంతని తెలిసిందా?"

"తెల్వకుంటదా? చిన్నప్పటికెల్లి ఈడ తిరిగిన పిల్ల."

పరాజయం పాలైన ఆటగాళ్లు వేల మైళ్ల దూరాన ఉన్నారు. నా మాట వారిని తాకలేదు. మధురానగర్‌లో ఒక పదునాలుగేళ్ల పిల్లకు, అదీ ఎంపికకు రెండు రోజుల ముందు తగిలింది. మరునాడు బడి ఒంటిపూట. ఆ పిల్లను ఒకసారి థియేటరుకు తీసుకురమ్మని అడిగాను.

శనివారం మధ్యాహ్నం బడి సంచీతోనే వచ్చింది. ఎప్పుడూ వచ్చీ రాగానే నా పక్కన చేరి కబుర్లు చెప్పేది. ఆనాడు తలుపు దగ్గరే నిలబడింది. నేను లేచి నిలుచున్నాను. "తప్పు చేశానమ్మా. నన్ను మన్నించు" అన్నాను.

పిల్ల కంగారుపడింది. "అయ్యో తాతా, గట్లనకుండ్రి. మంచిగ నవ్విచ్చిండ్రు. నేను సుత నవ్విన ఫస్టు." కొంచెం ఆగింది. "కానీ మీరు చూడలే."

"ఏమి చూడలేదు?"

"ఆయన ఆట. బాల్ లోపలికి పోయిందే చూసిండ్రు."

కళాకారిణి నా వైపు చూసి చప్పున తల దించుకొంది. ఆ మాట ఆ థియేటరులో వందల మందికి నేను చెప్పినదే. శబ్దం లేకుండా బొమ్మను చూడకుండానే, ఆ మనిషి ఊపిరి ఎక్కడుందో తెలుసుకోకుండానే, నేను అతని నోట మాటలు పెట్టాను. "ఇప్పుడు చూపించు" అన్నాను.

ఇంజనీరు ఆటను మూగగా నడిపాడు. పిల్ల సంచీ దించి తెర దగ్గరకు నడిచింది. మొదటి రెండు గోల్స్‌కూ అతని ముందు ఎవరు లేరో, ఎవరు ఉండవలసిందో చూపింది. మూడవ దాని దగ్గర ఆపమంది.

"గిదే చూడుండ్రి. ఆయన రెండడుగులు ముందుకొచ్చిండు. రావాలె. రాకపోతే గోల్ పెద్దగైతది. బాల్ మనోని మడమకే తగిలి తిరిగింది. ఎవరుంటే ఏం చేస్తరు?"

"మరి నాలుగోది?" అని అడిగింది కళాకారిణి.

"అది ఆయన తప్పే ఆంటీ. చేతుల పడ్డ బాల్ జారింది."

ఆ నాలుగవ గోలు తరువాత ఏం జరిగిందో గురువారం నాడు మేము చూడలేదు. ఆట సాగుతున్నప్పుడు తల పట్టుకొని కూర్చున్నాము, వెనక్కి తిప్పినప్పుడు నవ్వు ఆగలేదు. ఇప్పుడు చూశాను. అతడు ఒక క్షణం నేల మీదనే పడి ఉన్నాడు. లేచి, వలలో నుంచి బంతిని తీసుకొని, మైదానం మధ్యకు పరుగెత్తాడు. దారిలో కూలబడి ఉన్న ఒక ఆటగాణ్ణి రెక్క పట్టుకొని లేవదీశాడు. నోరు కదిలింది. మేము ముగ్గురమూ అలవాటు కొద్దీ ముందుకు వంగాము.

"పెదాలు రెండుసార్లు కలిశాయండీ. ఏమన్నాడో అందట్లేదు" అంది కళాకారిణి. నాకూ అందలేదు.

"ఏమన్నడో తెల్వకున్నా ఏం గాదు" అంది పిల్ల. "నాలుగు పడ్డంక బాల్ తెచ్చి నడిమిట్ల పెడుతుండు కద. ఇంక ఆడుదామనే గద తాతా!"

ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వేయించుకొని చూశాను. తరువాత మైకు ముందు నిలబడి, ఏ వేషమూ లేని నా సొంత గొంతుతో, మూడవ గోలూ నాలుగవ గోలూ ఎట్లా జరిగాయో చెప్పి, గురువారం నాటి మాటలు చూడకుండా అన్నవని ఒప్పుకొన్నాను. ముగించేసరికి పిల్ల చేయి ఎత్తింది.

"తాతా, 'ఆయన దోషమేమీ లేదు' అన్నరు. నాలుగోది ఉంది కద. మల్ల చెప్పుండ్రి."

ఆ థియేటరులో నా చేత రెండవ టేకు చెప్పించినది ఆ పిల్ల ఒక్కతే. చెప్పాను. ఇంజనీరు దానిని కూడా గ్రూపులో పెట్టాడు. మొదటిది ఊరంతా తిరిగింది. ఇది ఆ నలభై మందినీ దాటలేదు. అయినా పెట్టాము.

"మరి రేపు?" అని తండ్రి మెల్లగా అడిగాడు.

పిల్ల సంచీ భుజానికి తగిలించుకొంది. "గ్లౌజులు నాకందయి డాడీ. నువ్వే దించాలె" అంది.

ఆదివారం ఉదయం మేము ముగ్గురమూ మైదానం కంచె వెంబడి నిలబడ్డాము. కళాకారిణి ప్రార్థన ముగించుకొని నేరుగా వచ్చింది. పిల్ల ఆడిన గంటలో ఎడమవైపు నుంచి వచ్చిన ఒక బంతి వలలోకి పోయింది; ఐదో ఆరో ఆపింది. వెనుక నుంచి తన జట్టు వాళ్లను ఎంత గట్టిగా కేకలు వేసి నడిపిందంటే, ఆ గొంతు ఇంతకాలం ఎక్కడ దాచిందా అని తండ్రే విస్తుపోయాడు.

మధ్యాహ్నానికి శిబిరానికి పిలిచిన వారి పేర్లు చదివారు. ముగ్గురు గోల్‌కీపర్లలో మూడవ పేరు ఆమెది. అంతిమ జట్టుకు ఇద్దరే వెళతారట. ఇంకా నెల రోజుల శిబిరం గడవాలి. ఇంజనీరు ఫోను కలిపి కూతురి చేతికిచ్చాడు. అవతల తల్లి.

"మమ్మీ, ఎడమ దిక్కుకెల్లి ఒకటి వదిలిన. నా కాలు ముందే లేచింది, గది సరిజేసుకోవాలె..."

"గదంత తర్వాత. పేరొచ్చిందా, రాలేదా?"

"వచ్చింది మమ్మీ. జర ఆగు, ముందు ఇది ఇను."