డెన్నిస్ సారు ఇత్తడి గంట

గంట మోగనిదే డెన్నిస్ సారు డేటాబేస్‌లో ఈగను కూడా కదలనివ్వడు. గనిలోకి మనుషుల్ని దించే కేజ్ కదిలే ముందు గంట మూడుసార్లు కొడితే మనుషులు ఎక్కారని గుర్తు. ఇంజిన్ డ్రైవర్ తిరిగి మూడుసార్లు కొట్టాకే కేజ్ కదిలేది. ఇక్కడి బంగారు గనులు మూతపడ్డాయి గానీ ఆ ఆచారం రాబర్ట్‌సన్‌పేటలో మిద్దె మీది కంప్యూటర్ క్లాసులో బతికే ఉంది. తాడు లాగి మూడుసార్లు కొట్టాలి, కింద నుంచి మూడుసార్లు రావాలి, అప్పుడే కమిట్, అంటే రాసింది డేటాబేస్‌లో ఖాయం చేయడం. కింద కొట్టేది వాచ్‌మన్ అని పిల్లలు అనుకునేవాళ్ళు.

వింతేమంటే సారు పనిచేసింది గని ఆఫీసులో, కంప్యూటర్ల గదిలో. గనిలోకి దిగింది ఒక్కసారే, అదీ కళ్ళు గట్టిగా మూసుకుని. ఈ గంట పిచ్చి పట్టింది కూడా ఈ వానాకాలమే.

డేటాబేస్ కొత్త వర్షన్ వచ్చిన రోజు సారుకు పూనకమే.

"పాత టేబుళ్ళలో మనిషిని ముక్కలు చేసి పెడతా ఉంటిమి. పేరు ఒక చోట, ఇల్లు ఒక చోట, పిల్లోళ్ళు ఇంగో చోట. ఇప్పుడు ఆబ్జెక్ట్ టైప్ వచ్చినాది. మనిషి మొత్తం ఒకే గడిలో కూర్చుంటాడు!"

"జావా ప్రోగ్రామ్ నుంచి రాసినా గంట కొట్టాల్నా సార్?" అని షర్మిల అడిగింది.

"జావాతో రానీ, సీతో రానీ. ఏ వాకిలి నుంచి ఎక్కినా కేజ్‌లో ఉండేది మనుషులే కదమ్మా!"

క్లాసంతా నవ్వింది. షర్మిలకు నవ్వు రాలేదు. ఆమె తండ్రి పీటర్ ఆ కేజ్ ఇంజిన్ నడిపినవాడే. గని మూసినప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుమ్ము మింగిన ఛాతీలోంచి దగ్గు వచ్చేది గానీ మాట వచ్చేది కాదు. ఆయనతో పనిచేసిన ఓబలప్ప అలా పడుకుని పడుకునే పోయాడు. ఈ వానాకాలం నుంచి మాత్రం పీటర్ పొద్దున్నే ఎక్కడికో వెళ్తున్నాడు. "యాడికప్పా?" అంటే చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు. సారాయి అంగడికేనని, ఈయన కూడా దక్కడని షర్మిల భయం.

ఆ దిగులులో ఒకరోజు గంట కొట్టకుండానే కమిట్ చేసేసింది.

సారు ముఖం పాలిపోయింది. "కొట్టలేదేమమ్మా?"

"ఇది కంప్యూటర్ సార్! కేజ్ కాదు, లోపల ఎవరూ లేరు!"

కింద నుంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఎవరిదో ఆమెకు తెలుసు. దబదబా మెట్లు దిగింది.

కంప్యూటర్లకు కరెంటిచ్చే బ్యాటరీల గదిలో, స్టూలు మీద పీటర్. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గంట తాడు పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంతసేపయినా గంట రాలే. పైన అందరూ బాగుండారా?" అన్నాడు కంగారుగా.

సారు వెనకే దిగాడు. "చెప్పొద్దన్నాడమ్మా మీ అప్ప. బిడ్డ చదివే చోట గంట కొట్టే పనంటే నామోషీ అంట. ఇంగ గంట లేకుంటే ఈయన్ని పొద్దున్నే లేపేది ఎట్ల?"

షర్మిలకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి పొంగుకొచ్చాయి. పైకి పరుగెత్తి, ఇంకో వరుస రాసి, తాడు మూడుసార్లు లాగింది.

కింద నుంచి మూడుసార్లు మోగింది. కాస్త ఆగి నాలుగోసారి.

"నాలుగోది రూల్‌లో లేదే పీటరన్నా! అదెవరికి?" అన్నాడు కిందే ఉన్న సారు.

"పైన నా బిడ్డ ఉండాది కదప్పా!"

సారు తల గోక్కున్నాడు. తర్వాత మెట్లెక్కి వచ్చి, ఇకమీదట ప్రతి కమిట్‌కూ కింద నుంచి నాలుగుసార్లు రావాలని క్లాసు మొత్తానికీ ఆర్డర్ వేశాడు.