వాటర్టన్ సరస్సులో సరిహద్దు దాటిన రోజు

ఈ ప్రయాణం ఒక ఆదివారం భోజనాల దగ్గర వాదనతో మొదలైంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో నేను బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్న ఇల్లు వేణుగోపాల్ అంకుల్, లలిత ఆంటీలది. ఆయన ల్యాండ్ సర్వేయరుగా, ఆవిడ డాక్టరుగా రిటైరయ్యారు. ఎన్నికలు దగ్గరపడేసరికి ఆ ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. సరిహద్దు బిగించాలి, వచ్చేవాళ్ళను తగ్గించాలి అని అంకుల్. మనమూ అలా వచ్చినవాళ్ళమే కదా అని ఆంటీ. ఆ రోజు ఆవిడ విసిగిపోయి, "ఇన్నేళ్ళు భూములు కొలిచారు, ఆ బోర్డర్ ఎప్పుడైనా దగ్గర్నించి చూశారా?" అన్నారు. ఆయన "లేదు. శనివారం వెళ్దాం. నువ్వూ రామ్మా," అని నన్నూ పిలిచారు.

ఉదయం అయిదింటికి బయలుదేరి, హైవే 2 మీద కాల్గరీ, ఫోర్ట్ మెక్లాయిడ్ దాటి, పించర్ క్రీక్ దగ్గర దక్షిణానికి తిరిగాం. ఆరు గంటలు పట్టింది. దారిలో ఇళ్ళ ముందు పచ్చికలో పార్టీల బోర్డులు కనిపించినప్పుడల్లా వాదన మళ్ళీ మొదలయ్యేది.

"ఇళ్ళు దొరకట్లేదు, హాస్పిటల్లో బెడ్స్ లేవు. ఇంకా ఎంతమందిని రానిస్తారు?" అన్నారు అంకుల్.

"ఆ హాస్పిటల్లో నైట్ డ్యూటీలు చేసేదెవరండీ?" అన్నారు ఆంటీ.

నేను వెనక సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఓటు లేదు. నా వర్క్ పర్మిట్ ఫిబ్రవరిలో అయిపోతుందని వాళ్ళకింకా చెప్పలేదు.

వాటర్టన్‌లో మైదానం ఆగిన చోటే కొండలు నిలువుగా లేచాయి. సరస్సులో సరిహద్దు దాటి అమెరికా ఒడ్డుకు వెళ్ళే మధ్యాహ్నం ఒంటిగంట పడవ ఎక్కాం. టికెట్ మనిషికి సుమారు అరవై డాలర్లు. కాసేపటికి పడవ నడిపే ఆవిడ ఇంజన్ నెమ్మదించి, అటు చూడమంది. దట్టమైన అడవిలో, నీటి అంచు నుంచి కొండ శిఖరం దాకా, పాపిట తీసినట్టు, చెట్లు కొట్టేసిన ఒక సన్నటి చీలిక. అదే సరిహద్దు. వెనక్కి తిరిగితే అవతలి కొండ మీదా అదే. ఒడ్డున చిన్న స్తంభం. నీళ్ళ మీద ఏమీ లేదు.

అంకుల్ టోపీ తీసేశారు. "ఆనాటి సర్వేయర్లు నక్షత్రాలు చూసి కొలిచారమ్మా దీన్ని. గొడ్డళ్ళతో కొట్టుకుంటూ ఆ కొండ ఎక్కారు," అన్నారు.

ఎందుకో అప్పుడే చెప్పేశాను. "అంకుల్, ఫిబ్రవరిలో నా పర్మిట్ అయిపోతుంది. ఇక్కడే ఉండిపోదామంటే పీఆర్‌కి పాయింట్లు చాల్లేదు."

ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "నా అభిప్రాయం మారదమ్మా, అబద్ధం చెప్పను," అన్నారు అంకుల్. "కానీ తగ్గించాలి అన్నప్పుడల్లా, అందులో నువ్వూ ఉన్నావని ఒక్కసారీ అనుకోలేదు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. అంత పెద్ద కొండల మధ్య ఎవరికీ గొంతు పెంచాలనిపించదేమో. ఫిబ్రవరి తర్వాత ఎక్కడుంటానో తెలియదు. ఆ గీతను చూశాననీ, దాన్ని గీసినవాళ్ళూ నాలాంటి మనుషులేననీ మాత్రం తెలుసు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పడవ అమెరికా ఒడ్డున అరగంట ఆగుతుంది. పాస్‌పోర్టు, పర్మిట్ వెంట ఉంచుకోండి. దిగవచ్చో లేదో టికెట్ కొనేటప్పుడే కనుక్కోండి. అమెరికా వీసా లేక నేను దిగలేదు. దిగగలిగిన అంకుల్, ఆంటీ కూడా దిగకుండా ఆ అరగంటా నా పక్కనే కూర్చున్నారు.