పుర్రె ఉంగరానికి బొట్టు

పుస్తకంలో చదివిందల్లా ఊరందరికీ చెప్పేస్తేగానీ అన్నం సహించని వయసొకటి ఉంటుంది. ఆ వయసులో నేను తాడేపల్లిగూడెంలో మా బాబాయి ఉల్లిపాయల కొట్లో పనిచేస్తూ, వాళ్ళింట్లోనే ఉంటూ, సాయంత్రమయ్యేసరికి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగిందిగానీ, అక్కడ చరిత్ర అలమరలో నేను తెరవని పుస్తకం లేదు. (తెరిచినవన్నీ పూర్తిచేశానని అనడం లేదు.) ఓసారి ఏలూరులో ఒక సభలో లేచి సందేహం అడిగితే, వేదికమీది హిస్టరీ లెక్చరర్‌గారు "మీరు ఏ కాలేజీ అండీ?" అన్నారు. ఉల్లిపాయల కొట్టన్నాను. సభంతా నవ్వింది. ఆ నవ్వుకి జవాబు చెప్పాలని రగిలిపోతున్న రోజుల్లోనే ఆ ఉంగరం నా చేతికొచ్చింది.

కొల్లేరు వైపు చేపల చెరువు తవ్విస్తుంటే బురదలో దొరికిందని, మా కొట్టుకు సరుకుకొచ్చే ఒకాయన తెచ్చిచ్చాడు. "ఈ దెయ్యం తలకాయ మాకెందుకండీ, మీరైతే పుస్తకాలు చూసి చెప్తారు," అన్నాడు. వెండి ఉంగరం, పైన పుర్రె. ఎక్కడా ముద్ర లేదు. పళ్ళ సందుల్లో, కంటి గుంటల్లో గట్టిపడిన నలుపు. నెల్లాళ్ళు లైబ్రరీలో గాలించాను. చావును మరవకుండా ఉండటానికి ఒకప్పుడు ఐరోపాలో ఇలాంటివి పెట్టుకునేవారట. డచ్చి వర్తకులు మన తీరానికి వచ్చారు కదా! ఇంకేం కావాలి? మూడువందల ఏళ్ళ కిందట ఒక డచ్చి దొర పడవలో వెళ్తూ కొల్లేటి నీళ్ళలో చెయ్యి ముంచాడని పదకొండు పేజీలు రాశాను. (ఆయనకి జ్వరం కూడా నేనే తెప్పించాను, వేలు చిక్కి ఉంగరం జారాలిగా.) ఆ పేజీలు పంపిస్తే లెక్చరర్‌గారు ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నారు. అప్పటిదాకా భద్రంగా ఉంటుందని ఉంగరాన్ని దేవుడి గదిలో వెండి పళ్ళెంలో పెట్టాను. మధ్యలో శుక్రవారం ఒకటుందన్న ముక్క ఏ పుస్తకంలోనూ లేదు.

శుక్రవారం పొద్దున్నే మా పిన్ని దేవుడి సామానంతా తోమేది. వెండికి పళ్ళపొడి. నేను స్నానం చేసొచ్చేసరికి పళ్ళెంలో పుర్రె తళతళలాడుతోంది, నుదుట కుంకుమబొట్టుతో.

"ఏం చేశారండీ పిన్నీ! అది మూడువందల ఏళ్ళ నలుపు!"

"అన్నేళ్ళు తోమకుండా ఎలా ఉంచార్రా, ఛీ! పాత బ్రష్షు పెట్టి తోమాను. పళ్ళు చూడు ఎంత తెల్లగా వచ్చాయో."

"ఆ బొట్టేంటండీ?"

"శుక్రవారం పూట దేవుడి దగ్గర వస్తువుని బోసిగా ఉంచమంటావా? అసలే ముక్కు కూడా లేని మొహం!"

ఆదివారం లెక్చరర్‌గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "డచ్చివాళ్ళు కుంకుమ పెట్టుకునేవారాండీ?" అన్నారు. నేను జరిగింది చెప్పాను. "ఆ నలుపుంటే ఎన్నాళ్ళు మట్టిలో ఉందో కొంచెమైనా ఊహించేవాళ్ళం. అప్పుడైనా డచ్చివాళ్ళదని తేలేది కాదనుకోండి, ఇలాంటివి చాలాచోట్ల, చాలాకాలం చేశారు. లోపలి అంచు బాగా అరిగింది. ఎవరో ఏళ్ళ తరబడి పెట్టుకున్నారు. నేను చెప్పగలిగింది అంతే." నా పదకొండు పేజీలూ నాకే తిరిగిచ్చి, కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ మా పిన్నితో "వెండి మాత్రం బాగా తోమారండీ," అన్నారు. చూశారా అన్యాయం! చదివింది నేను, మెప్పు ఆవిడకి! మూడు రోజులు పిన్నితో మాట్లాడలేదు. (భోజనం మానలేదు.)

ఇప్పుడు పిన్ని లేదు. ఈమధ్య ఏలూరులో పాత వస్తువుల సంగతి తెలిసిన ఒకబ్బాయికి ఉంగరం చూపించాను. "కంటి గుంటలో ఎర్రగా ఏదో పాతది ఉందండీ. కొంచెం గీకి చూడమంటారా? ఏమైనా తెలియొచ్చు," అన్నాడు.

"ముట్టుకోకండి!" అని అరిచాను. పాపం, అతను బెదిరిపోయాడు.

ఆ ఉంగరం ఎవరిదో, ఏ కాలానిదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఎరుపు మాత్రం ఏ ఊళ్ళో, ఏ వారం, ఎవరి ఉంగరపు వేలినుంచి రాలిందో ఏ పుస్తకమూ చూడకుండా చెప్పగలను. వెండి మళ్ళీ నల్లబడింది. శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ పళ్ళపొడి పట్టుకుని "అదిలా ఇవ్వండీ," అంటూ చెయ్యి చాస్తుంది. నేనివ్వను.